ఫోన్ రిపోర్టులో మ్యాప్: ఆజ్యూర్ మ్యాప్స్ మేలా, షేప్ మ్యాప్ మేలా?

మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాధనమైన పవర్ బీఐలో రిపోర్టులు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. పెద్ద తెర మీద మ్యాప్ చక్కగా కనిపిస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. అదే రిపోర్టు ఫోన్‌లోకి వెళ్లాక ఆ మ్యాప్‌ను ఎవరూ ముట్టుకోరు. మరి ఫోన్‌కి ఏ మ్యాప్ పెట్టాలి? పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే. రోడ్లు, ఊళ్లు కనిపించే నేపథ్యం మీద చుక్కలు పెట్టే ఆజ్యూర్ మ్యాప్స్ ఒకటి. నేపథ్యమంటూ లేకుండా, మనమిచ్చిన హద్దుల్లో రంగులు నింపే షేప్ మ్యాప్ రెండోది. మొబైల్ లేఅవుట్ (ఫోన్ తెరకు విడిగా అమర్చే చోటు) తెరిచి విజువల్స్‌ను (మ్యాప్, పట్టిక వంటివాటిని) లాగి పెట్టడం తెలుసనే అనుకుని, నేరుగా తేడాల్లోకి వెళ్దాం.

చాలామంది ఫీచర్ల జాబితా చూసి తేల్చేసుకుంటారు. ఆ లెక్కన ఆజ్యూర్ మ్యాప్స్‌కి తిరుగులేదు. బుడగలు, హీట్ మ్యాప్, నిలువు కడ్డీలు, ట్రాఫిక్, ఉపగ్రహ చిత్రం, మన హద్దుల ఫైలును పైన పరిచే రిఫరెన్స్ లేయర్ అన్నీ అందులో ఉన్నాయి. పాయింట్లు 30,000 దాకా పడతాయి. షేప్ మ్యాప్‌లో 1,500 దగ్గరే ఆగిపోవాలి. కానీ ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఈ అంకెలు పెద్దగా అక్కరకు రావు. అరచేతిలో పట్టే తెర మీద 30,000 చుక్కలు పెడితే ఏ చుక్క ఏదో తెలియదు. నా దృష్టిలో ఫోన్ మ్యాప్ నిలిచేదీ పడేదీ ఒక్కదాని మీదే: తెర మీద వేలు పెడితే ఏం జరుగుతుంది?

కంప్యూటర్ దగ్గర పేజీని కదపడానికి స్క్రోల్ బార్ ఉంటుంది, మ్యాప్‌ను కదపడానికి మౌస్ ఉంటుంది. ఫోన్‌లో రెండు పనులూ ఒకే వేలు చేయాలి. పేజీ కిందికి జరుపుదామని వేలు పైకి తోస్తే, ఆ వేలు మ్యాప్ మీద పడిందంటే పేజీ కదలదు, మ్యాప్ జారిపోతుంది. రెండుసార్లు తోసేసరికి చుక్కలన్నీ తెర దాటిపోయి ఖాళీ సముద్రం మిగులుతుంది. మ్యాప్ తెర వెడల్పంతా, ఎత్తంతా ఆక్రమించిందంటే వేలు పెట్టడానికి పక్కన చోటే ఉండదు. చూసేవాళ్లు అక్కడే చిక్కుకుంటారు, ఇక ఆ పేజీకి మళ్లీ రారు. వెబ్ పేజీల్లో మ్యాప్ పెట్టేవాళ్లు దీనికి ఎప్పుడో దారి కనుక్కున్నారు. గూగుల్ మ్యాప్స్ జావాస్క్రిప్ట్‌లో గెస్చర్ హ్యాండ్లింగ్‌ను కోఆపరేటివ్‌కి మారిస్తే ఒక వేలికి పేజీ, రెండు వేళ్లకు మ్యాప్ కదులుతాయి. వెబ్ మ్యాప్‌ల ఉచిత లైబ్రరీ మ్యాప్‌లిబ్రేలోనూ ఇదే సదుపాయం ఉంది. రిపోర్టు విజువల్ వాడేటప్పుడు మాత్రం ఈ చిక్కును లేఅవుట్‌తోనే విప్పుకోవాలి.

అందుకు చేయాల్సినవి ఇవి. మ్యాప్ ఎత్తు ఫోన్‌లో ఒకసారికి కనిపించే భాగంలో సగానికి మించకూడదు. గ్రిడ్‌లో పూర్తి వెడల్పు ఇవ్వకుండా కుడి పక్కన బొటనవేలు పట్టేంత ఖాళీ వదలాలి, ఎక్కువమంది స్క్రోల్ చేసేది ఆ పక్క నుంచే. మ్యాప్ పైన కనీసం ఒక కార్డు (ఒక్క అంకెను పెద్దగా చూపే పెట్టె), కింద ఒక పట్టిక ఉండాలి. అప్పుడు పేజీ తెరిచిన మొదటి క్షణంలోనే వేలికి మ్యాప్ తగలదు. మ్యాప్ పెద్దగానే కావాలంటే దానికి విడిగా ఒక పేజీ ఇచ్చి, మొదటి పేజీ నుంచి బటన్‌తో అక్కడికి పంపడం మేలు. ఆ పేజీలో స్క్రోల్ చేయాల్సిందేమీ పెట్టకపోతే తగాదాయే ఉండదు.

ఈ పరీక్షలో షేప్ మ్యాప్ ముందుంటుంది. ఫార్మాట్ పేన్‌లో జూమ్ కింద మాన్యువల్ జూమ్‌ను, సెలెక్షన్ జూమ్‌ను ఆపేస్తే బొమ్మ కదలకుండా నిలబడుతుంది. తాకిన ప్రాంతం ఎంపికవుతుంది, మిగతా విజువల్స్ దాని ప్రకారం మారతాయి, అంతే. జారిపోయే నేపథ్యం లేదు కాబట్టి తప్పిపోయే ప్రమాదమూ లేదు. ఆజ్యూర్ మ్యాప్స్‌లో ఎంత సర్దినా మ్యాప్ జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని పనే అది.

వేలు ఎంత లావో కూడా లెక్కలోకి తీసుకోవాలి. తాకే వస్తువు కనీసం 44 పాయింట్ల చదరం ఉండాలని యాపిల్, 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలని ఆండ్రాయిడ్ మెటీరియల్ డిజైన్ చెబుతాయి. 8 పిక్సెళ్ల వ్యాసార్థం ఇచ్చిన బుడగ అడ్డంగా 16 పిక్సెళ్లే, అంటే కావలసినదాంట్లో మూడో వంతు. పక్కపక్కనే ఐదు బుడగలుంటే తాకాలనుకున్నది ఒకటి, తగిలేది మరొకటి. బుడగ సైజు పెంచితే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. కాబట్టి ఆజ్యూర్ మ్యాప్స్ ఎంచుకుంటే క్లస్టర్ బబుల్స్ తప్పకుండా ఆన్ చేయాలి, అప్పుడు దగ్గరగా ఉన్నవన్నీ సంఖ్యతో ఒకే బుడగగా కలుస్తాయి. స్టైల్ పికర్, నావిగేషన్ బటన్లు, సెలెక్షన్ కంట్రోల్ మూడూ ఫోన్ లేఅవుట్‌లో తీసేయాలి. సగం మ్యాప్‌ను అవే మింగేస్తాయి. జూమ్ చేయడానికి ఎలాగూ రెండు వేళ్లున్నాయి.

షేప్ మ్యాప్‌లో ప్రాంతం పెద్దదైతే తాకడం తేలిక. చిన్న ప్రాంతాలతోనే చిక్కు. మహానగరమున్న ప్రాంతం తరచూ విస్తీర్ణంలో అతి చిన్నది, అమ్మకాల్లో అతి పెద్దది. తెర మీద అది గోరంత కూడా ఉండదు. దీనికి మ్యాప్‌లో మందు లేదు, పక్కన పట్టిక ఉండాలి. పట్టికలో వరుసను తాకితే మ్యాప్‌లో ఆ ప్రాంతం ఎంపిక కావాలి. ఎడిట్ ఇంటరాక్షన్స్‌లో (ఒక విజువల్‌ను తాకితే మిగతావి ఎలా మారాలో చెప్పే చోటు) హైలైట్ బదులు ఫిల్టర్ పెట్టి రెండు రకాలుగానూ చూసి, ఏది స్పష్టంగా ఉంటే అది ఉంచుకోండి. ఆజ్యూర్ మ్యాప్స్‌కి ఫిల్టర్ మరీ మంచిది. ఆటో జూమ్ ఆన్‌లో ఉంటే తాకిన వరుస తాలూకు చోటికి మ్యాప్ తానే వెళ్తుంది, వేలితో వెతుక్కోనక్కర్లేదు. మౌస్ ఆనిస్తే పైకి తేలే వివరాల మీద ఆధారపడి చేసిన మ్యాప్ ఫోన్‌లో సగం మూగబోతుంది, ఆ అంకెల్లో ముఖ్యమైనవాటిని ఈ పట్టికలోకే దించాలి.

మరి ఆజ్యూర్ మ్యాప్స్ ఎప్పుడు గెలుస్తుంది? రిపోర్టు చూసే మనిషి తర్వాత చేసే పని రోడ్డు మీద ఉన్నప్పుడు. ఏ దుకాణం దేనికి దగ్గర, సర్వీసు మనిషి ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి, ఫలానా గోదాము హైవే పక్కనే ఉందా లోపలెక్కడో ఉందా వంటి ప్రశ్నలకు రంగు నింపిన ప్రాంతం జవాబివ్వలేదు. రోడ్డు కనబడాలి. ఏ ప్రాంతం లక్ష్యం అందుకుంది, ఏది వెనకబడింది అనేదే ప్రశ్నయితే రోడ్లు అనవసరపు గందరగోళం, షేప్ మ్యాపే మేలు. మొబైల్ రిపోర్టులు ఎక్కువగా పుట్టేది ఈ రెండో ప్రశ్న నుంచే. అయినా అలవాటుకొద్దీ రోడ్ల మ్యాప్ పెట్టేస్తున్నారు.

ఆజ్యూర్ మ్యాప్స్ పెడితే ఊరి పేర్లు ఇవ్వకండి, అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. పేరిస్తే దాన్ని చోటుగా మార్చే పని మ్యాప్ సర్వీసు చేయాలి. దానికి సమయం పడుతుంది, నెట్ నెమ్మదించిన ఫోన్‌లో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైగా ఒకే పేరున్న ఊళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటాయి, చుక్క మరో ఖండంలో పడుతుంది. ఒక చోటు అలా తప్పినా ఆటో జూమ్ ప్రపంచమంతా చూపించబోయి అసలు చుక్కలన్నిటినీ ఒక మూలకు కుదించేస్తుంది. పేర్లు తప్ప ఇంకేం లేకపోతే ఊరు, రాష్ట్రం, దేశం మూడూ కలిపి ఒకే కాలమ్ చేసి, దాని డేటా కేటగిరీని ప్లేస్‌గా పెట్టండి.

అక్షాంశ రేఖాంశాల్లోనూ పొరపాట్లు దొర్లే చోట్లున్నాయి. రెండు కాలమ్‌లకూ డేటా కేటగిరీ పెట్టి, సమ్మరైజేషన్‌ను డోంట్ సమ్మరైజ్‌కి మార్చాలి. లేకపోతే ఒకే దుకాణానికి పది వరుసలుంటే అక్షాంశాలు పదీ కూడి అర్థంలేని అంకె తయారవుతుంది. డేటా టైపును ఫిక్స్‌డ్ డెసిమల్ చేయకండి, అది నాలుగు దశాంశాల దగ్గర కత్తిరిస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి నాలుగో దశాంశం విలువ దాదాపు 11 మీటర్లు. ఊరి స్థాయిలో అది పట్టించుకోనక్కర్లేదు, ఒకే వీధిలో పక్కపక్కనున్న దుకాణాలకు పట్టించుకోవాలి. మామూలు డెసిమల్ నంబర్ చాలు. ఖాళీ గడుల్లో సున్నా నింపే అలవాటు అన్నిటికంటే ప్రమాదం. సున్నా, సున్నా అంటే ఆఫ్రికా పక్కన గల్ఫ్ ఆఫ్ గినీలో ఒక బిందువు. అలాంటి వరుస ఒక్కటున్నా ఆటో జూమ్ పాడవుతుంది. డేటాను శుభ్రం చేసే పవర్ క్వెరీలోనే ఆ సున్నాలను నల్ (ఖాళీ) చేసి, మ్యాప్‌కి ఖాళీ కానివే వచ్చేలా విజువల్ స్థాయిలో ఫిల్టర్ పెట్టండి. స్టైల్ విషయానికొస్తే గ్రేస్కేల్ లైట్ ఎంచుకుంటే ఎండలో చూసినా బుడగల రంగు నిలుస్తుంది. ఉపగ్రహ చిత్రం మీద ఏ రంగూ నిలవదు.

షేప్ మ్యాప్‌లో శ్రమంతా హద్దుల ఫైలు దగ్గరే. దానికి టోపోజేసన్ అనే రకం ఫైలు కావాలి, మనకు దొరికేది ఎక్కువగా షేప్‌ఫైల్ అనే మరో రకం. మ్యాప్‌షేపర్ వెబ్‌సైట్‌లో షేప్‌ఫైల్‌తో పాటు వచ్చిన డీబీఎఫ్, పీఆర్‌జే ఫైళ్లను కూడా కలిపి వేయాలి. డీబీఎఫ్ లేకపోతే హద్దులొస్తాయి గానీ వాటి పేర్లు, కోడ్‌లు రావు. కోఆర్డినేట్లు మీటర్లలో ఉంటే కన్సోల్‌లో ప్రొజెక్షన్ ఆదేశంతో డబ్ల్యూజీఎస్84కి (మామూలు అక్షాంశ రేఖాంశాల పద్ధతికి) మార్చుకోవాలి, దానికి కోఆర్డినేట్లు ఏ పద్ధతివో చెప్పే పీఆర్‌జే అవసరం. తర్వాత సింప్లిఫై నొక్కి, చిన్న ఆకారాలు మాయం కాకుండా చూసే పెట్టెలో టిక్ పెట్టి, స్లైడర్‌ను 10 శాతం దగ్గర మొదలుపెట్టి హద్దులు వంకర కానంతవరకు తగ్గించండి. ఫోన్ సైజులో సముద్రతీరపు ప్రతి మలుపూ ఎవరికీ కనబడదు, ఆ బరువు మాత్రం రిపోర్టు మోయాల్సి వస్తుంది. సింప్లిఫై చేశాక గీతలు ఒకదాన్నొకటి దాటుకున్నాయని చూపిస్తే రిపేర్ నొక్కి, అప్పుడు టోపోజేసన్‌గా ఎగుమతి చేయండి.

ఫైలు పెట్టాక వ్యూ మ్యాప్ టైప్ కీ తెరిచి అందులోని కీలను మీ కాలమ్‌తో పోల్చండి. రంగు పడని ప్రాంతం ఉందంటే తొంభై పాళ్లు కారణం ఇక్కడే దొరుకుతుంది: పేరు చివర ఒక ఖాళీ, ఒకే పేరుకు రెండు స్పెల్లింగులు, లేదా కోడ్ ముందున్న సున్నా ఎగిరిపోవడం. 07 అనే కోడ్‌ను పవర్ బీఐ అంకె అనుకుంటే అది 7 అవుతుంది, ఇక హద్దుతో కలవదు. ఆ కాలమ్‌ను మొదటి నుంచీ టెక్స్ట్‌గానే ఉంచాలి. బొమ్మ సరిగా రాకపోతే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) చూడండి. ఆల్బర్స్ యూఎస్ఏలో ఉంటే మెర్కేటర్‌కి మార్చండి, ఆల్బర్స్ అమెరికా కోసం ఉన్నది. రంగులు నింపేటప్పుడు మొత్తం అమ్మకాలు కాకుండా లక్ష్యంలో ఎంత శాతమో, దుకాణానికి ఎంతో వాడండి. మొత్తాలు వాడితే జనం ఎక్కువున్న ప్రాంతమే ఎప్పుడూ ముదురుగా ఉంటుంది, దాంతో కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

నెట్ లేనప్పుడు కూడా తేడా ఉంది. ఆజ్యూర్ మ్యాప్స్ నేపథ్యం ముక్కలు ముక్కలుగా నెట్ నుంచే రావాలి, సిగ్నల్ పోతే చుక్కలకు ఆధారమే ఉండదు. షేప్ మ్యాప్ హద్దులు రిపోర్టు లోపలే ఉంటాయి. లిఫ్టుల్లో, గోదాముల్లో, ఊరి బయట రిపోర్టు తెరిచేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా. పాత మ్యాప్, ఫిల్డ్ మ్యాప్ విజువల్స్ బింగ్ మీద నడిచినవి. మైక్రోసాఫ్ట్ వాటి స్థానంలోకి ఆజ్యూర్ మ్యాప్స్‌ను తెస్తోంది కాబట్టి కొత్త రిపోర్టులో వాటితో మొదలుపెట్టకండి. ఎస్రీ కంపెనీ మ్యాప్ విజువల్ ఆర్క్‌జీఐఎస్ విశ్లేషణకు గట్టిది, మీ సంస్థలో ఇప్పటికే దాని లైసెన్సు, హద్దుల లేయర్లు ఉంటేనే ఫోన్‌కి దాని గురించి ఆలోచించండి. మైక్రోసాఫ్ట్ పాత సాధనం మొబైల్ రిపోర్ట్ పబ్లిషర్‌తో చేసిన మ్యాప్‌లున్నవాళ్లు వాటిని వదిలేయాల్సిందే, అవి నడిచే రిపోర్టు సర్వర్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ 2022లో మొబైల్ రిపోర్టులే లేవు. అయితే వాటికి వాడిన షేప్‌ఫైల్, డీబీఎఫ్ జంటను పారేయకండి. పైన చెప్పిన దారిలో అదే షేప్ మ్యాప్‌కి పనికొస్తుంది. సొంత యాప్ ఉంటే లీఫ్‌లెట్ గానీ మ్యాప్‌లిబ్రే గానీ (రెండూ మ్యాప్ లైబ్రరీలే) పెట్టుకోవచ్చు, కానీ నేపథ్యం ఎవరి సర్వర్ నుంచి వస్తుందో ముందే తేల్చుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సొంత టైల్ సర్వర్లు (నేపథ్యపు ముక్కలు పంపేవి) విరాళాలతో నడిచేవి, భారీ వాడకానికి వాటి నియమాలు ఒప్పుకోవు.

పబ్లిష్ చేసేముందు రెండు పనులు మిగులుతాయి. ఆజ్యూర్ మ్యాప్స్ అయితే అడ్మిన్ పోర్టల్‌లో దాని టెనెంట్ సెట్టింగ్ (సంస్థ మొత్తానికి వర్తించే అనుమతి) ఆన్‌లో ఉందో లేదో మీ అడ్మిన్‌ను అడగండి. అది లేకపోతే మ్యాప్ ఉండాల్సిన చోట సందేశం మాత్రమే కనిపిస్తుంది. అలాగే చుక్కలు కస్టమర్ల ఇళ్లవైతే, చోటును చిరునామాగా ఇస్తే ఆ చిరునామాలు బయటి సర్వీసుకు వెళ్తాయని, ఫోన్ పోతే ఆ వివరాలు ఎవరి చేతిలోనైనా పడొచ్చని గుర్తుంచుకుని, రో లెవల్ సెక్యూరిటీతో (ఏ వరుసలు ఎవరికి కనబడాలో నిర్ణయించే ఏర్పాటు) ఎవరి ప్రాంతం వారికే కనబడేలా కట్టడి చేయండి. అదీ కుదరకపోతే ఇంటి చుక్క తీసేసి పిన్‌కోడ్ స్థాయికి కూడండి. అప్పుడు మీకు కావలసింది మళ్లీ షేప్ మ్యాపే అవుతుంది.