అంబాసిడర్‌కి ఏ సామానైనా పడుతుంది, బ్రేకుల దగ్గర తప్ప

"అంబాసిడర్ కొంటే స్పేర్లకి వెతుక్కోనక్కర్లేదు, ఏ మోడల్ సామాను ఏ మోడల్‌కైనా పడుతుంది." ఈ మాట నాకు చెప్పని వాళ్ళు లేరు. పాత మార్క్ ఫోర్ మోడల్ అంబాసిడర్ ఒకటి కొని ఇన్నాళ్ళుగా నడుపుతున్నాను. ఆ మాట చాలా చోట్ల నిజమేనని కళ్ళారా చూశాను కూడా. బ్రేకుల దగ్గర మాత్రం అదే మాట ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే ఇక్కడ బ్రేకుల గురించే రాస్తున్నాను. మైలేజీ, డిక్కీ, వెనక సీటు సంగతులు మన ఇళ్ళల్లో అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు మంచి మాట చెప్పాలి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో యాభైల చివర మొదలైన ఈ బండి 2014లో ఆగిపోయేదాకా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే ఇంగ్లండు కారు ఒంటితోనే వచ్చింది. గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, లైట్లు మారాయి, బాడీ మాత్రం దాదాపు అదే. నా బండికి వెనక ఎడమ తలుపు నోవా అనే తర్వాతి మోడల్ అంబాసిడర్‌ది. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కుకి పోతున్న బండి నుంచి ఊడదీయించి తెచ్చాను. కీళ్ళ దగ్గర కాస్త సర్దితే కూర్చుంది, రంగు వేశాక ఏది పాతదో నాకే తెలియట్లేదు. ఇంజిన్ 1489 సీసీ బీ-సిరీస్. ఒకప్పుడు ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారులో తిరిగిందీ ఈ కుటుంబం ఇంజినే. గ్యాస్కెట్లు, వాల్వులు, వాటర్ పంపు ఏనాడూ నన్ను ఏడిపించలేదు. ఆటోనగర్‌లో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేట, చివరికి కలకత్తా మల్లిక్ బజార్. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించాను, హెడ్‌లైట్లు బతికాయి.

ఇంతవరకూ ఆ మాటకి తిరుగులేదు. కానీ తలుపు రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే గాలి చప్పుడు చేస్తుంది, అంతే. బ్రేకులో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే బండి మన మాట వినదు.

నా బండి మొదట్నుంచీ చిన్న వేగంలో బాగానే ఆగేది. రాజమండ్రి ఊళ్ళో తిరిగినంతకాలం ఏ తేడా తెలియలేదు. హైవే మీద అరవై దాటాక గట్టిగా తొక్కితే మాత్రం ముక్కు ఎడమకి తిరిగేది. స్టీరింగు పట్టి ఉంచితే నిలబడేది, వదిలితే లాక్కుపోయేది. ఒకసారి రావులపాలెం దాటాక గేదె అడ్డం వచ్చింది. వెనక సీట్లో అమ్మ, మేనత్త ఉన్నారు. బ్రేకు తొక్కిన క్షణంలో ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టిలోకి పోయాయి. గేదెకి ఏమీ కాలేదు, మాకూ కాలేదు. రోడ్డు పక్కన కాలువ ఎంత దగ్గరలో ఉందో మాత్రం కిందికి దిగి చూశాక తెలిసింది. అత్త ఆ తర్వాత చాలాకాలం ఆ బండి ఎక్కలేదు.

మా ఊళ్ళోనే ఒక షెడ్డులో చూపించాను. పేరు రాయను. వాళ్ళు ముందు టైర్లు అన్నారు, తర్వాత టై-రాడ్ ఎండ్లు (స్టీరింగు కీళ్ళు) అన్నారు, తర్వాత ఎడమ పక్క లైనింగు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పట్టీ) కొత్తది కాబట్టి ఎక్కువ పట్టేస్తోంది అన్నారు. నాలుగు చక్రాలకీ షూలకి, అంటే లైనింగు అతికి ఉండే వంపు పలకలకి, కొత్త లైనింగులు తాపడం చేశారు, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ములు లేత్ మీద తిప్పించారు. డబ్బులు తీసుకున్నారు. బండి ఇంకా ఎడమకే పోతోంది. పైగా ముందు కుడి చక్రం జామ్ అవ్వడం మొదలైంది. పది కిలోమీటర్లు పోతే డ్రమ్ము ముట్టుకోలేనంత వేడి, కాలిన లైనింగు వాసన. ఆ పని జరుగుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయిల్ ఒత్తిడితో షూలని తోసే వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పుల్ని పెట్రోలు గిన్నెలో వేసి బ్రష్షుతో కడిగారు. బ్రేకు రబ్బర్లకి పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ ఏదీ తగలకూడదు. తగిలితే ఉబ్బి సిలిండర్‌లో ఇరుక్కుంటాయి, పెడల్ వదిలినా షూ వెనక్కి రాదు. వాటిని కడగాల్సింది బ్రేక్ ఆయిల్‌తోనే. ఇది అడిగితే "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం సార్" అన్నారు. ఆ మాట ఈ రోజుకీ నాకు మింగుడు పడదు. బండి అద్దం తుడవడంలో నిర్లక్ష్యం చేస్తే క్షమించొచ్చు, బ్రేకు విప్పినవాడు నిర్లక్ష్యం చేస్తే ఎలా క్షమించడం?

చివరికి బండిని మెల్లగా విజయవాడ ఆటోనగర్ తీసుకుపోయాను. తెలిసినవాళ్ళు ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి పంపారు. టాక్సీ స్టాండు అంబాసిడర్ల మీదే పెరిగిన మనిషి. ఆయన బండి తోలి చూడలేదు. నాలుగు చక్రాలూ ఎత్తించి, డ్రమ్ములు లాగించి, ముందు చక్రాల వీల్ సిలిండర్లు నాలుగూ విప్పి బల్ల మీద వరసగా పెట్టించారు. ఈ బండికి ముందు ఒక్కో చక్రానికి రెండేసి సిలిండర్లు, ఒక్కో షూకి ఒకటి. గుడ్డతో లోపల తుడిచి, వెర్నియర్ కాలిపర్ తెప్పించి ఒక్కొక్కదాని లోపలి వ్యాసం కొలిచారు. కుడి వైపువి రెండూ అంగుళంలో ఏడు బై ఎనిమిది. ఎడమ వైపువి రెండూ నిండు అంగుళం.

"బాబూ, ఇవి ఒక బండివి కావు. ఎవడో ఏది దొరికితే అది వేశాడు. పైకి బోల్టులు పడ్డాయి కదా, ఇంక చూడలేదు."

పైకి చూస్తే నాలుగూ ఒకేలా ఉన్నాయి. అదే రంగు పూత, అదే ఆకారం. పోత మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెల్ని గ్రీజు కప్పేసింది. గోరుతో గీకితే బయటపడ్డాయి. లెక్క చూడండి: మూడు మిల్లీమీటర్ల చిల్లరే కదా అనిపిస్తుంది, కానీ తోసే బలం వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి వస్తుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి రెండు వైపులా అదే ఒత్తిడి వచ్చినా, ఎడమ షూలని తోసే బలం దాదాపు 30 శాతం ఎక్కువ. లైనింగు మార్చినా, డ్రమ్ము తిప్పించినా, టైర్లు మార్చినా అది పోయేది కాదు. ఆ షెడ్డులో పెట్టిన ఖర్చంతా రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టయింది.

మేస్త్రి గారు ఇంకొకటి కూడా చూపించారు. ముందు చక్రాలకి రెండు షూలూ డ్రమ్ము తిరిగే వైపుకే నెట్టుకునేలా అమర్చి ఉంటాయి. డ్రమ్ము తిరుగుతూ షూని తనలోకి లాక్కుంటుంది, అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకపోయినా ముందుకి పోయేటప్పుడు బ్రేకు బాగా పడుతుంది. అదే కారణాన ఎడమ వైపు సామాను ఎడమకే, కుడిది కుడికే. తారుమారు చేస్తే ఆ లాక్కునే గుణం పోయి బ్రేకు సగం చచ్చిపోతుంది. రివర్సులో బ్రేకు ఎందుకు అంత వీకుగా ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. వెనక్కి పోతున్నప్పుడు డ్రమ్ము ఆ షూలని దూరంగా నెడుతుంది. ఎత్తు ర్యాంపు మీద వెనక్కి దిగేటప్పుడు ఇప్పటికీ హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి ఉంచుతాను.

నాలుగు సిలిండర్లూ ఒకే సైజువి, ఒకే తయారీవి కొత్తవి వేశారు. ముందు హోస్ పైపులు కూడా మార్చేశారు. పాతవి బయట బాగానే ఉన్నాయి, కోసి చూస్తే లోపల రబ్బరు వాచి దారి పూసలంత మిగిలింది. అలాంటి పైపు ఆయిల్‌ని వెళ్ళనిస్తుంది, తిరిగి రానివ్వదు. తర్వాత డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పోసి, దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీశారు. ఒక కుర్రాడు పెడల్ కొడుతుంటే, మేస్త్రి గారు గాలి వదిలే నిప్పల్‌కి గొట్టం తగిలించి గాజు సీసాలో బుడగలు చూస్తూ కూర్చున్నారు. చివరి బుడగ పోయాక కూడా ఇంకోసారి కొట్టించారు. అడ్జస్టర్ తిప్పడం నన్నే చెయ్యమన్నారు: చక్రం కదలకుండా అయ్యేదాకా బిగించి, మళ్ళీ వదులు చేస్తూ, లైనింగు డ్రమ్ముకి "సర్ర్" మని సన్నగా రాసే చప్పుడు ఆగిన చోట ఆపడం. ఆ చప్పుడు ఇప్పుడు నాకు బాగా పట్టుబడింది.

తిరుగు ప్రయాణంలో ఖాళీ రోడ్డు చూసి డెబ్బై మీద గట్టిగా తొక్కాను. స్టీరింగు మీద వేళ్ళు మాత్రమే ఆనించి ఉంచాను. బండి గీత గీసినట్టు ఆగింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. డ్రమ్ము బ్రేకులంటే పనికిరానివని కొత్త కార్ల వాళ్ళు అంటుంటారు. నా అనుభవంలో అవి పనికిరానివి కావు, వాటిని పట్టించుకునే చేతులు తగ్గిపోయాయి.

అలాగని ఎక్కువ పొగడను. ఆ తర్వాత మారేడుమిల్లి ఘాట్ దిగాను. సెకండ్ గేరులో దిగినంతసేపూ బ్రేకులు బాగున్నాయి. కాసేపు థర్డ్‌లో వదిలి బ్రేకు మీద ఆధారపడితే పెడల్ అదే ఎత్తులో ఉన్నా ఆగే గుణం తగ్గింది. లైనింగు బాగా వేడెక్కితే దాని పట్టు తగ్గుతుంది. వానాకాలం నీళ్ళలోంచి బయటికొచ్చాక మొదటి తొక్కుడికి ఏమీ పట్టదు, పెడల్ మీద కాలు తేలికగా ఉంచి కొంతదూరం ఆరబెట్టాలి. కొండ దారుల్లో రోజూ తిరిగే వాళ్ళకి నేను ఈ బ్రేకుల్ని సిఫార్సు చెయ్యలేను.

డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టించెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. అదే కంపెనీ ఇంకో కారు కాంటెస్సా ముందు భాగం తెచ్చి పెడతామన్న వాళ్ళూ ఉన్నారు. కాంటెస్సా ఇంగ్లండు వాక్స్‌హాల్ కారు సంతానం, ముందు కాయిల్ స్ప్రింగులు. అంబాసిడర్‌కి స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు, టార్షన్ బార్లు. ఊరికే విప్పి బిగించేది కాదు, వెల్డింగూ కొత్త పట్టీలూ ఉంటాయి. స్టీరింగు భాగాల మీద వెల్డింగు నాకు ఇష్టం లేదు. ఇసుజు ఇంజిన్ వచ్చాక అంబాసిడర్లకీ ముందు డిస్కులు వచ్చాయి కాబట్టి పెట్టేవాళ్ళు ఆ బండి సామాను మొత్తం సెట్టుగా, మాస్టర్ సిలిండర్‌తో సహా తీసుకోవడం మేలు. డ్రమ్ముల మాస్టర్‌లో పైపుల్లో కొంచెం ఒత్తిడి నిలబెట్టే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి.

ఇంకో ప్రమాదం నట్ల మర (థ్రెడ్) దగ్గర. పాత అంబాసిడర్ పైపు నట్టు మర అంగుళాల లెక్క, మూడు బై ఎనిమిది, అంగుళానికి 24 చుట్లు. కొత్త కార్లది పది మిల్లీమీటర్ల మెట్రిక్. అంగుళాల నట్టు మెట్రిక్ రంధ్రంలోకి వదులుగా దూరిపోతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజున కారుతుంది. ఏ కొత్త సామాను తెచ్చినా నేను ముందు మర కొలిపిస్తాను. చాలా కొట్లలో దీనికి విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

కాబట్టి ఈ బండి కొనమంటానా? నాకు ఇంటి దగ్గర నీడ ఉంది, ఆఫీసుకి వేరే బండి ఉంది, ఆటోనగర్ ఒక పూట ప్రయాణం, నమ్మకమైన మేస్త్రి గారు ఉన్నారు. ఇవన్నీ ఉంటే కొనండి, కొన్న వారంలోనే నాలుగు చక్రాలూ విప్పించి సిలిండర్లు కొలిపించండి. ఇవి లేకుండా, ఒక్కటే బండిగా వాడుకోవాలంటే మాత్రం నేను సరేననలేను. నాది ఇంకా ఒకే సర్క్యూట్ మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందుకీ వెనక్కీ వేరువేరుగా ఆయిల్ పంపే టాండమ్ మాస్టర్ ఒకటి మేస్త్రి గారు చూసి పెట్టారు. బోరు (లోపలి వ్యాసం) సరిపోతుందో లేదో కొలిచి చెప్తామన్నారు. అది పెట్టించేదాకా అమ్మని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కను.