రగ్బీ లీగ్‌లో తలుపు తెరిచి ఉంచాలా, మూసేయాలా? ముందు జీతాల సంగతి తేల్చాలి

2016 అక్టోబర్ 1, ఇంగ్లాండ్‌లోని హల్ నగరం. ఇంకా రెండు నిమిషాల ఆట మిగిలి ఉంది. హల్ కింగ్‌స్టన్ రోవర్స్ 18-10తో ముందుంది. గెలిస్తే ఇంగ్లాండ్ రగ్బీ లీగ్‌లో పై డివిజన్ అయిన సూపర్ లీగ్‌లోనే ఉంటారు, ఓడితే కింది డివిజన్‌కి పోతారు. అందుకే ఆ మ్యాచ్‌ని 'మిలియన్ పౌండ్ గేమ్' అనేవాళ్లు. ఆ రెండు నిమిషాల్లో సాల్ఫర్డ్ వాళ్లు రెండు ట్రైలు (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించడం, ఒక్కోదానికి నాలుగు పాయింట్లు) చేసి స్కోరు 18-18కి తెచ్చారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో గారెత్ ఓబ్రియన్ చాలా దూరం నుంచి కొట్టిన డ్రాప్ గోల్ (బంతిని నేలకి వదిలి తన్నడం, ఒక పాయింట్) పోస్టుల మధ్య నుంచి వెళ్లింది. 19-18. సొంత మైదానంలో, సొంత జనం ముందు రోవర్స్ కిందికి పోయింది.

ఇప్పుడు 2025కి రండి. అదే రోవర్స్ చాలెంజ్ కప్, లీగ్ టేబుల్‌లో మొదటి స్థానం, గ్రాండ్ ఫైనల్ మూడూ గెలిచింది. అదే సాల్ఫర్డ్ ఫిబ్రవరిలో తొలి లీగ్ మ్యాచ్‌లోనే సెయింట్ హెలెన్స్ చేతిలో 82-0తో ఓడింది. డబ్బు ఇబ్బందుల వల్ల జీతాల ఖర్చు మీద ఆంక్షలుండటంతో ఎక్కువగా కుర్రాళ్లతోనే బరిలోకి దిగాల్సి వచ్చింది. డిసెంబర్‌లో కోర్టు ఆ కంపెనీని మూసేయమంది. 1873లో పుట్టిన క్లబ్ అది.

గెలిచినవాళ్లు మునిగిపోయారు, ఓడినవాళ్లు నిలబడ్డారు. ప్రమోషన్ (గెలిచి పై డివిజన్‌కి వెళ్లడం), రెలిగేషన్ (ఓడి కిందికి పోవడం) మంచివా చెడ్డవా అని ఎవరైనా వాదనకి దిగినప్పుడల్లా నాకు ఈ రెండు క్లబ్బులే గుర్తొస్తాయి.

మన దగ్గర ఈ ఆట తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఒక్క మాట. జట్టుకి పదమూడు మంది. ఆరుసార్లు పట్టుబడేలోపు బంతిని ముందుకి తీసుకెళ్లాలి. కబడ్డీ చూసే కళ్లకి ఇది తొందరగానే అర్థమవుతుంది, మనిషిని మనిషి పట్టి ఆపడమే ఇందులోనూ ప్రాణం. ఈ ఆట పుట్టిందే కూలి డబ్బు గొడవలో. ఉత్తర ఇంగ్లాండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆట కోసం శనివారం పని మానుకుంటే ఆ కూలి ఎవరిస్తారన్నది ప్రశ్న. ఇవ్వకూడదని లండన్ పెద్దలు పట్టుబట్టారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని వేరు కుంపటి పెట్టుకున్నాయి. నూట ముప్పై ఏళ్లయినా ప్రశ్న మారలేదు. ఆడేవాడి జీతం ఎవరి జేబులోంచి రావాలి?

ఇప్పుడు మన ముందున్న దారులు మూడు. పాత ఇంగ్లీషు పద్ధతిలో ఓడితే కిందికి పోతారు, కింద గెలిస్తే పైకి వస్తారు, ఇది తెరిచిన తలుపు. ఆస్ట్రేలియా పెద్ద లీగ్ ఎన్‌ఆర్‌ఎల్ పద్ధతి మన ఐపీఎల్ లాంటిది, ఆఖరి స్థానంలో నిలిచినా వచ్చే ఏడాది మళ్లీ ఆడొచ్చు, ఇది మూసిన తలుపు. మూడోది ఈ మధ్య ఇంగ్లాండ్ తెచ్చుకున్న గ్రేడింగ్. ఒక్కో క్లబ్‌కి 20కి మార్కులు వేస్తారు, 15 దాటితే ఏ గ్రేడ్, చోటు ఖాయం.

తెరిచిన తలుపు అందం ఏంటో ఆ హల్ మ్యాచే చెబుతుంది. ఆఖరి స్థానాల కోసం జరిగే ఆటకి కూడా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. పదివేల జనాభా ఉన్న ఊరి క్లబ్ కూడా 'మనమూ ఒకరోజు పైకి వెళ్తాం' అనుకోవచ్చు. కానీ దాని జబ్బు కూడా అక్కడే ఉంది. కిందికి పోతే టీవీ డబ్బు ఆగిపోతుంది, స్పాన్సర్లు జారుకుంటారు, కాంట్రాక్టులో ఉన్న ఆటగాళ్ల జీతాలు మాత్రం అలాగే ఉంటాయి. ఆ భయంతో సీజన్ మధ్యలో ఎక్కువ జీతమిచ్చి ఎవరినో ఒకరిని తెచ్చుకుంటారు. అకాడమీ కుర్రాడికి చోటిచ్చే ధైర్యం ఏ కోచ్‌కీ ఉండదు.

అలాగని బ్రాడ్‌ఫర్డ్ అనే ఇంకో ఇంగ్లాండ్ క్లబ్‌ని ముంచింది రెలిగేషన్ కాదు. ఆ క్లబ్ 1997, 2001, 2003, 2005ల్లో చాంపియన్. 2012లో బాకీలు కట్టలేక అభిమానుల ముందు చెయ్యి చాచింది, వాళ్లు ఐదు లక్షల పౌండ్లు పోగుచేసి ఇచ్చారు. అయినా అదే ఏడాది అడ్మినిస్ట్రేషన్‌లోకి (బాకీలు కట్టలేని కంపెనీని బయటి అధికారి చేతికి అప్పగించడం) వెళ్లింది, 2017 జనవరిలో మూతపడింది. చూడండి, 2012లో ఇంగ్లాండ్‌లో రెలిగేషనే లేదు! 2009 నుంచి 2014 దాకా లైసెన్సుల పద్ధతి నడిచింది. తలుపు మూసి ఉండగానే ఇల్లు కూలింది. కొత్త కంపెనీ కింద ఆ పేరు మళ్లీ మొదలై, శిక్షగా మైనస్ 12 పాయింట్లతో సీజన్ మొదలుపెట్టి ఆడి, మళ్లీ సూపర్ లీగ్ చేరేసరికి 2026 వచ్చింది.

ఆస్ట్రేలియాలో తలుపు మూసినా ఇల్లు ఎందుకు నిలబడింది? ఎందుకంటే అక్కడ డబ్బు లీగ్ నుంచే వస్తుంది. శాలరీ క్యాప్ (ఒక క్లబ్ ఆటగాళ్ల జీతాలకి ఖర్చు పెట్టగల పరిమితి) ఎంతో దానికి 130 శాతం ప్రతి క్లబ్‌కీ లీగే ఇవ్వాలని 2016లో ఒప్పందానికి వచ్చారు. అంటే సీజన్ మొదలయ్యే రోజుకే ఆటగాళ్ల జీతాలకి లోటు లేదు. టిక్కెట్లు, జెర్సీలు, స్పాన్సర్లు అన్నీ ఆపైన వచ్చేవే. ఇంగ్లాండ్‌లో దీనికి పూర్తిగా రివర్స్. క్యాప్ 21 లక్షల పౌండ్లు, లీగ్ పంచే వాటా దానికి చాలా తక్కువ. ఒకప్పుడు ఏడాదికి సుమారు 4 కోట్ల పౌండ్లున్న టీవీ ఒప్పందం ఇప్పుడు సుమారు 2.15 కోట్లకి పడిపోయింది. ప్రతి క్లబ్బూ గుంతలోంచే సీజన్ మొదలుపెడుతుంది. ఆ గుంత పూడ్చడానికి ఒక ధనవంతుడు కావాలి. ఆయనకి విసుగొచ్చినా, వ్యాపారం దెబ్బతిన్నా, వయసు మీద పడినా క్లబ్ పరిస్థితి అయోమయమే. నిజం చెప్పాలంటే రోవర్స్ నిలబడటం వెనకా 2004 నుంచి డబ్బు పెడుతూ వచ్చిన నీల్ హడ్జెల్ ఉన్నారు. అదృష్టం కొద్దీ ఆయన వదిలి వెళ్లలేదు. ఇంగ్లాండ్ లీగ్‌లో ఆడిన కెనడా క్లబ్ టొరంటో వుల్ఫ్‌ప్యాక్‌కి ఆ అదృష్టం లేదు. 2017లో కింది నుంచి మొదలై 2020కి పైకి చేరి, సోనీ బిల్ విలియమ్స్ లాంటి పెద్ద స్టార్‌ని తెచ్చుకుని, కోవిడ్ రాగానే అదే సీజన్ మధ్యలో తప్పుకుంది. ఆటగాళ్ల జీతాలు ఆగిపోయాయి.

డబ్బు సమంగా పంచడం వల్ల ఆట మీద ఏం ప్రభావం పడుతుందో కూడా లెక్క తీయొచ్చు. 1998 నుంచి ఎన్‌ఆర్‌ఎల్ గ్రాండ్ ఫైనల్ గెలిచిన క్లబ్బులు పన్నెండు. 1996 నుంచి సూపర్ లీగ్ గెలిచినవి ఐదే, ఆ ఐదోది మొన్న 2025లో చేరిన రోవర్స్. తలుపు తెరిచి ఉన్న చోటే ట్రోఫీ నాలుగిళ్ల మధ్య తిరిగింది. అయితే క్యాప్ ఉంటే సరిపోదు, లెక్కలు చూసేవాళ్లూ ఉండాలి. మెల్‌బోర్న్ స్టార్మ్ రెండు రకాల ఖాతాలు రాసి క్యాప్ దాటిందని 2010లో తేలితే 2007, 2009 టైటిళ్లు వెనక్కి తీసుకున్నారు, ఆ ఏడాదంతా పాయింట్లు లేకుండా ఆడించారు. ఆ కఠినత్వం నాకు నచ్చింది.

కానీ ఆస్ట్రేలియా డబ్బులో ఇంకో పాయ ఉంది, దాని గురించి మాట్లాడకపోతే తప్పు. పశ్చిమ సిడ్నీలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పిల్లాడి పుట్టినరోజు భోజనానికి నన్నూ ఒక లీగ్స్ క్లబ్‌కి, అంటే రగ్బీ లీగ్ జట్టుకి అనుబంధంగా నడిచే క్లబ్ భవనానికి తీసుకెళ్లారు. రిసెప్షన్‌లో ఐడీ చూపించి లోపలికి వెళ్లాం. ఒకపక్క బిస్ట్రో, పిల్లలు ఆడుకునే చోటు, గోడ నిండా పాత ఆటగాళ్ల ఫోటోలు. ఇంకోపక్క కిటికీల్లేని పెద్ద గది, వరసగా పోకర్ మెషీన్లు, అంటే డబ్బు వేసి బటన్ నొక్కే జూదం యంత్రాలు. ఒక పెద్దావిడ ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని ఒకే బటన్ నొక్కుతూ కూర్చుంది. మేం భోంచేసి, కేక్ కోసి బయటికి వచ్చేటప్పుడు చూస్తే అదే కుర్చీలో, అదే బటన్. న్యూ సౌత్ వేల్స్‌లో ఈ మెషీన్లకి 1956లో చట్టబద్ధత వచ్చింది, అప్పటి నుంచి చాలా రగ్బీ లీగ్ క్లబ్బుల వెనక ఈ గదులే ఉన్నాయి. ఆ డబ్బుతో ఊళ్లో గ్రౌండ్లు బాగుపడ్డాయి, పిల్లల జట్లు నడుస్తున్నాయి, అది నిజం. ఆ పెద్దావిడ పింఛనుతో వింగర్ జీతం కట్టడం నాకు మాత్రం మింగుడు పడదు. టీవీ డబ్బుతో కడుపు నిండే లీగ్ ఈ ఆదాయాన్ని ఏటా కొంత కొంత తగ్గించుకోవచ్చు. చేయడం లేదు.

మూసిన తలుపుకి ఇంకో దోషం ఉంది. కిందికి పోవడం ఉండదు కానీ గెంటేయడం ఉంటుంది. 1908 నుంచి ఆడుతున్న సౌత్ సిడ్నీని, లీగ్‌ని 14 జట్లకి కుదించాలని 1999 సీజన్ తర్వాత తీసేశారు. సుమారు 80,000 మంది సిడ్నీ వీధుల్లో ఊరేగారు, క్లబ్ కోర్టుకెక్కింది, 2002లో మళ్లీ లోపలికి వచ్చింది, 2014లో టైటిల్ గెలిచింది. మైదానంలో ఓడి పోతే ఏడ్చి ఊరుకుంటాం, మళ్లీ గెలిచి వద్దామనుకుంటాం. బోర్డు రూమ్‌లో తీసేస్తే ఏం చేయాలి? ఇంగ్లాండ్ గ్రేడింగ్‌లో నాకు కనిపించే లోపం సరిగ్గా ఇదే. 2023లో లండన్ బ్రాంకోస్ ఫ్రాన్స్‌లోని టూలూజ్ వెళ్లి కింది డివిజన్ ఫైనల్ గెలిచి సూపర్ లీగ్‌కి వచ్చింది. అదే నెలలో వచ్చిన గ్రేడింగ్ అంచనాలో దానిది 24వ స్థానం. 2024 అంతా ఎంత బాగా ఆడినా కిందికి పోక తప్పదని తెలిసే ఆడారు ఆ కుర్రాళ్లు. 20 మార్కుల్లో మైదానంలో ఆటకి 5, అభిమానుల బలానికి 5, ఆర్థిక స్థితికి 4.5, స్టేడియానికి 3. మిగతావి ఊరి జనాభాకీ, సమాజంలో చేసే పనికీ. అన్నీ ముఖ్యమే, కాదనను. కానీ ఆర్థిక స్థితి మార్కుల విషయం కాకూడదు, పాస్ లేదా ఫెయిల్ అంతే. స్టేడియంలో పెద్ద స్క్రీన్ ఉందని జీతాలివ్వలేని క్లబ్ ముందుకి పోకూడదు.

ఏది మేలు అంటే నా ఓటు ఇది. ఆస్ట్రేలియాలో తలుపు మూసే ఉంచండి. 2027లో పెర్త్, 2028లో పాపువా న్యూగినీ జట్లు వస్తున్నాయి. రగ్బీ లీగ్ జాతీయ క్రీడగా ఉన్న ఆ దేశపు జట్టు కోసం, పసిఫిక్ ప్రాంతంలో ఈ ఆట కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చు పెడుతోంది. అంత దూరపు ప్రణాళిక రెలిగేషన్ భయంతో సాగదు. ఇంగ్లాండ్‌లో మాత్రం తలుపు తెరవాలి. పది మైళ్లకో క్లబ్ ఉన్న నేల అది, 1995లో కాసిల్‌ఫర్డ్, ఫెదర్‌స్టన్, వేక్‌ఫీల్డ్‌లని కలిపి ఒకే జట్టు చేస్తామంటేనే జనం తిరగబడ్డారు.

కాకపోతే తెరిచేముందు మూడు పనులు చేయాలి. లీగ్ పంచే వాటా ఎంతో క్యాప్ అంతకి దగ్గరగా దించాలి. స్టార్లు కొందరు సిడ్నీకి పోతారు, ఇప్పుడూ పోతున్నారుగా. దానికి మించి ఖర్చు పెట్టాలనుకునే యజమాని ఆ ఏడాది జీతాలన్నిటికీ బ్యాంక్ గ్యారంటీ ముందే లీగ్ చేతిలో పెట్టాలి. కిందికి పోయిన క్లబ్‌కి రెండేళ్లపాటు వాటాలో సగమైనా అందాలి. ఇవి చేశాక ఆ ఒక్క మ్యాచ్‌ని మళ్లీ పెట్టండి, పై లీగ్‌లో ఆఖరిదానికీ, కింద మొదటిదానికీ మధ్య, అక్టోబర్‌లో, ఓడినవాళ్ల సొంత మైదానంలోనైనా సరే.