నీలగిరి చెట్టు నీలగిరులది కాదు: ఊటీ, కోటగిరి, కొడైకెనాల్‌లలో ఆరు రోజులు

జలుబు చేసినప్పుడు చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసుకునే నీలగిరి తైలం, మన ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల మెట్ట పొలాల్లో బారులు తీరి కనిపించే జామాయిల్ తోటలు ఒకే జాతి చెట్లవి. తెలుగులో దాన్ని నీలగిరి చెట్టు అని కూడా అంటాం కనుక అది ఆ కొండల్లోనే పుట్టిందని నేను చాలా కాలం నమ్మాను. అది ఆస్ట్రేలియా చెట్టు. ఆంగ్లేయులు 1843లో దాన్ని నీలగిరులకు తెచ్చారు. అంతకు ముందు ఆ కొండల మీద ఏముండేదో, దాన్ని తిరిగి నిలబెట్టడానికి అక్కడివారు ఏం చేస్తున్నారో చూడాలని అక్టోబరు మొదటి వారంలో నేనూ మా శ్రీమతీ గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగాము.

నీలగిరి జిల్లాకూ కొడైకెనాల్‌కూ సొంత వాహనంలోనైనా, అద్దె కారులోనైనా వెళ్ళేవారు ముందుగా ఈ-పాస్ తీసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఈ నియమం అమలవుతోంది. ఫోనులోనే వివరాలు నింపితే కొద్ది నిమిషాల్లో మాకు పాస్ వచ్చింది. మా కారు నడిపిన పెద్దాయన కోయంబత్తూరు తెలుగువారే. తమిళం యాస కలిసిన ఆయన తెలుగు మాకు ఆరు రోజులూ అండగా నిలిచింది, ఎందుకంటే నర్సరీల్లో పనిచేసేవారితో మాట్లాడించినది ఆయనే.

మొదటి రెండు రాత్రులు ఊటీ శివార్లలోని ఒక రిసార్టులో దిగాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళకు లోటు లేదు. అయితే ప్రకృతి పరిరక్షణ పేరుతో అది చేసుకున్న ప్రచారాన్ని నమ్మి అక్కడ దిగినందుకు బాధపడ్డాను. ముంగిట పరిచిన పచ్చిక ఆఫ్రికా నుంచి వచ్చిన కికుయు గడ్డి. అతిథుల చేత నాటించే మొక్క సిల్వర్ ఓక్, అదీ ఆస్ట్రేలియాదే. స్థానిక మొక్కలు ఎందుకు పెట్టరని అడిగితే, అవి తొందరగా ఎదగవని చెప్పారు. ఆ మాట నిజమే, కానీ అతిథులు మళ్ళీ వచ్చేసరికి పచ్చగా కనబడాలన్న తొందరతో కొండకు సరిపడని చెట్టును నాటించడం నాకు సమ్మతం కాలేదు.

ఊటీ దగ్గరి పైన్ తోపును అందరూ ఫోటోల కోసం చూస్తారు. మేమూ పావుగంట నిలబడ్డాము. నేలంతా రాలిన సూదుల వంటి ఆకులే, వాటి కింద మొలకెత్తినది దాదాపు ఏమీ లేదు. మరునాడు ఊటీ దగ్గరి అవలాంచి అడవికి వెళ్ళినప్పుడు తేడా కళ్ళకు కట్టింది. అటవీ శాఖ వాహనంలో తప్ప లోపలికి అనుమతి లేదు. వాహనం నిండేవరకు గంటకు పైగా వేచి ఉండవలసి వచ్చినా ఆ రుసుము, ఆ నిరీక్షణ రెండూ విలువైనవేనని నా అభిప్రాయం. కొండ మడతల్లో, నీరు పారే వాలుల్లో ముద్దగా అల్లుకున్న పొట్టి చెట్ల అడవిని షోలా అంటారు. తమిళంలో సోలై అన్న మాట నుంచి వచ్చింది ఆ పేరు. మడతలు దాటిన గుండ్రటి శిఖరాల మీద చెట్లుండవు, మోకాలెత్తు గడ్డి దుబ్బులే ఉంటాయి. ఆ గడ్డి మధ్య అక్కడక్కడ ఒంటరిగా రోడోడెండ్రాన్ చెట్లు నిలబడి ఉంటాయి. శీతకాలపు మంచు గడ్డకట్టి లేత చెట్ల మొలకలను మాడ్చివేయడం, ఆ ఎత్తుల మీద గడ్డి గడ్డిగానే మిగలడానికి ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు.

ఈ గడ్డినే ఆంగ్లేయులు, తరువాత మన ప్రభుత్వాలు కూడా, బీడు భూమిగా లెక్కగట్టి తోళ్ళు పదును చేయడానికి బెరడునిచ్చే వాటిల్ తుమ్మను, యూకలిప్టస్‌ను, పైన్‌ను విస్తారంగా నాటించారు. అవలాంచిలో 2019 ఆగస్టులో ఒక్క రోజులో 900 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. అంత వాన పడే చోట నీటిని పట్టి ఉంచి మెల్లగా వాగుల్లోకి వదిలేది ఈ దుబ్బులూ షోలాల మెత్తటి నేలే. భవానీ నది పుట్టేది ఈ కొండల్లోనే.

యాత్ర మొత్తంలో నేను అన్నిటికంటే మిన్నగా ఎంచేది కోటగిరి దారిలో చూసిన ఒక చిన్న నర్సరీ. ముందు రోజు ఫోను చేసి అడిగి వెళ్ళాము. అక్కడ పనిచేసే, నీలగిరుల్లోని బడగ సముదాయానికి చెందిన మహిళ ఒకామె రెండు గంటలు తీరికగా తిప్పి చూపించారు. షోలా గింజలను ఆ కొండ మీద, ఆ ఎత్తులోనే, రాలిన పండ్ల నుంచి ఏరుకుంటారు. పక్షులకూ కోతులకూ సగానికి పైగా వదిలేస్తారు. నేరేడు కుటుంబపు గింజ ఆరిపోతే మొలవదు కనుక ఏరిన కొద్ది రోజుల్లోనే సంచుల్లో వేయాలి. రుద్రాక్ష జాతి గింజ గట్టిది, నెలల తరబడి కదలదు. కొండ సంపెంగ, దాల్చిన జాతి మొక్కలు నీడ వల కింద వరుసగా ఉన్నాయి. రెండేళ్ళు పెంచినా ఆ మొక్కలు మోకాలు దాటలేదు.

గడ్డి పెంపకం వేరు. రోడ్డు కోసం కోసిన గట్ల మీద మిగిలిన దేశవాళీ దుబ్బులను వేళ్ళతో సహా తెచ్చి, పిలకలు విడదీసి, ఒక్కొక్క పిలకను సంచిలో నాటుతారు. మన వైపు వరినారు పీకి పిలకలు లెక్కపెట్టే చేతులకు ఇది కొత్త పని కాదని మా శ్రీమతి కూర్చుని ముప్పై దాకా విడదీసింది. "అమ్మా, చూడడానికి వచ్చినవాళ్ళందరూ చెట్టు పేరే అడుగుతారు, గడ్డి పేరు మీరే అడిగారు" అని ఆ బడగ మహిళ అన్న మాటను డ్రైవరు గారు తెలుగులో చెప్పారు. ఈ కొండల ఆదివాసులైన తోడాలు తమ గుడుల పైకప్పుకు వాడే చిత్తడి నేల గడ్డి కూడా అక్కడ ఒక మడిలో ఉంది. చిత్తడి నేలలు తోటలుగా మారిన కొద్దీ ఆ గడ్డి దొరకడం కష్టమైందట.

నాటడం కన్నా కష్టం తరువాతి కాపలా. వాటిల్ చెట్టును నరికినా దాని గింజలు మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. నిప్పు తగిలితే ఒక్కసారిగా నారుమడిలా మొలుస్తాయి. ఏటా చేత్తో పీకుతూ పోవలసిందే. ఒక్క రోజు మొక్క నాటి ఫోటో దిగి వెళ్ళేవారి వల్ల ఈ పని జరగదని అక్కడ నాకు బాగా అర్థమైంది.

కోటగిరి పక్కనే ఉన్న లాంగ్‌వుడ్ షోలా 116 హెక్టార్లది. చుట్టుపక్కల ఊళ్ళకు మంచినీరు అందించే ఈ అడవి పాడైపోతున్న దశలో స్థానికులే కమిటీగా ఏర్పడి అటవీ శాఖతో కలిసి కాపాడుకున్నారు. 2024లో దీనికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. ఊటీ సందడి చూసి వచ్చినవారికి ఇక్కడి నిశ్శబ్దం ఎంతో హాయినిస్తుంది. నడక దారి బురదగా ఉంటుంది, జలగలుంటాయి, పిల్లలకు పొడవు మేజోళ్ళు తొడగండి. కోటగిరిలో మేమున్న ఇంటి బస రిసార్టు ఖరీదులో సగం కూడా కాలేదు. రాగిముద్ద, అవరచిక్కుడు కూర కడుపునిండా పెట్టారు. వేడినీటి బాయిలరులో కాల్చేది నరికిన వాటిల్ కట్టెలేనని ఇంటివారు చెప్పినప్పుడు సంతోషం కలిగింది.

పళని మీదుగా కొడైకెనాల్ చేరాక మిగిలింది ఒకటిన్నర రోజే. సరస్సు, దుకాణాలు మాకు అంతగా నచ్చలేదు. అక్కడ వాహనాల రద్దీ ఊటీ కన్నా ఎక్కువనిపించింది. పళని కొండల్లో గడ్డి మైదానాలు నాలుగు దశాబ్దాల్లో మూడింట రెండు వంతులు పోయాయని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జరిగిన పరిశోధన 2018లో తేల్చింది. బ్రిటన్ నుంచి వచ్చి కొడైకెనాల్ పక్కనున్న వట్టకనాల్‌లో స్థిరపడిన బాబ్ స్టూవర్ట్, టాన్యా బాల్కర్ ఇక్కడ దశాబ్దాల పాటు షోలా మొక్కలు పెంచారు. పరాయి చెట్ల తోటలన్నిటినీ ఒక్కసారిగా నరకనక్కరలేదని, షోలాకు దగ్గరగా ఉన్న తోటల నీడలో షోలా మొక్కలు వాటంతటవే మొలుస్తున్నాయని వారు గమనించి రాశారు. వట్టకనాల్ దారి పక్కన ఒక పాత తోట అంచున వంగి చూస్తే నిజంగానే నేరేడు జాతి మొలకలు కనిపించాయి. అయితే గడ్డి అలా తిరిగి రాదు, నీడలో బతకదు. ఉన్న గడ్డిని ముందుగా కాపాడుకోవడం అందుకే అత్యవసరమని నేను అనుకుంటున్నాను.

ఇదే దారిలో వెళ్ళదలచినవారు ఊటీకి ఒక్క రోజుతో సరిపెట్టుకుని, కోటగిరికి మూడు రోజులు కేటాయించండి. నర్సరీకి చెప్పకుండా వెళ్ళకండి, వానాకాలంలో వారికి ఊపిరి సలపని పని ఉంటుంది. పిలకలు నాటేది జూన్, జూలై నెలల్లో. మేము వచ్చే జూలైలో పది రోజులకు అదే ఇంట్లో గది చెప్పుకుని వచ్చాము.