కణాలను డిష్ నుంచి లేపడానికి: ట్రిప్సినా, చల్లబరిస్తే వదిలే పూతా?

ల్యాబ్‌లో డిష్‌లో పెంచిన కణాలు దాని అడుగుకు అతుక్కుంటాయి. వాటిని బయటికి తీయడానికి ట్రిప్సిన్ అనే ఎంజైము పాత దారి. పీనైపామ్ అనే పాలిమర్ పూత రెండోది. 37 డిగ్రీల దగ్గర ఈ పూత నీటిని వదిలేస్తుంది, కణాలు పట్టుకుంటాయి. సుమారు 32 డిగ్రీల కిందికి దిగితే నీరు పీల్చి ఉబ్బుతుంది, కణాల పట్టు సడలుతుంది.

ఖర్చు: ట్రిప్సిన్ చవక, మామూలు డిష్ చాలు. పూత డిష్‌లు బాగా ఖరీదు.

సమయం: ట్రిప్సిన్‌కు కొద్ది నిమిషాలు. పూతకు ఓపిక కావాలి. 20 డిగ్రీల దగ్గర అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ట్రిప్సిన్ ప్రోటీన్లను కోసే ఎంజైము. కణం పైనున్న గ్రాహకాలనూ, కణాలను కలిపి ఉంచే బంధాలనూ కోసేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే కణాలు చస్తాయి. పూతతో ఆ బంధాలు నిలుస్తాయి, కణాలు ఒకే పొరగా లేస్తాయి. అంచు ముందు ముడుచుకుంటుంది, తర్వాత పొరంతా కుంచించుకుపోతుంది. అందుకే పైన పలుచని మెంబ్రేన్ పరిచి ఎత్తుతారు. పూతకూ ఓ తలనొప్పి ఉంది: పదుల నానోమీటర్లు మందమైతే కణాలు అసలు అతుక్కోవు.

రోజువారీ పాసేజింగ్‌కు, అంటే పెరిగిన కణాలను కొత్త డిష్‌లోకి మార్చడానికి, ట్రిప్సినే నయం, పూత దండగ. కార్నియాకో గుండెకో పొరగా అతికించాలన్నా, కణం పైనున్న ప్రోటీన్లను కొలవాలన్నా పూత తీసుకోండి.