జాగ్రత్త: "మైలేజ్ ఇచ్చే డీజిల్ ఫోర్ బై ఫోర్" అని అమ్మాడు, కింద ముందు చక్రాలకి పవర్ తీసుకెళ్లే షాఫ్టే లేదు

కోపం ఇంకా దిగలేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి. పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ అందే) బళ్లు అమ్ముతూ ప్రతి ప్రకటన కిందా "కొండకైనా కోనకైనా రెడీ" అని రాస్తాడు చూడండి, ఆయన గురించే. పేరు రాయను. ఈ బళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా.

నాకు కావలసింది డీజిల్ బండి, ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి గట్టి ఇనప చట్రం), లో రేంజ్ (బండిని మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లు), మరీ డీజిల్ తాగేయకుండా ఉంటే చాలు. రాళ్ల దారుల్లో డీజిల్‌కి ఉన్న సుఖం తెలిసిందే. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ (చక్రాలని తిప్పే బలం) అందుతుంది, యాక్సిలరేటర్ పెద్దగా తొక్కకుండానే బండి పాకుతూ ఎక్కేస్తుంది, ట్యాంకు కూడా ఎక్కువ దూరం వస్తుంది. లీటరుకి 14 అన్నాడు. మీటర్లో కూడా అంతే చూపించింది. ట్రిప్ రీసెట్ చేసి, నున్నటి రోడ్డు మీద టాప్ గేర్‌లో మెల్లగా తోలితే ఏ డీజిల్ బండైనా పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకులా బుద్ధిగానే ఉంటుంది. ఆ నంబరు చూసి నేను అక్కడే సగం పడిపోయాను.

టెస్ట్ డ్రైవ్‌లో "ఒకసారి ఫోర్ హై వేసి చూద్దాం" అన్నాను, అంటే మామూలు స్పీడ్‌లో నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే పొజిషన్. వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు. "తారు రోడ్డు మీద వద్దు సార్. ఇది పార్ట్ టైమ్ సిస్టమ్, అవసరమైనప్పుడే నాలుగు చక్రాలూ వేయాలి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, మొత్తం బిగుసుకుపోతుంది."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా ఒళ్లు మండేది అక్కడే. ఇంత తెలిసిన మనిషి బండిని ఎంత బాగా చూసుకుని ఉంటాడో అని లోలోపల మురిసిపోయాను కూడా. నాకో దండ వేయండి. పోనీ చూడండి అని బండి ఆపి లివర్ వేశాడు, డ్యాష్‌బోర్డ్ మీద ఫోర్ వీల్ లైటు వెలిగింది. లో రేంజ్‌లో రెండు గజాలు కదిలించాడు. ఇంజిన్ గట్టిగా మోగింది, బండి మెల్లగా జరిగింది. ఇంకేం కావాలి? డబ్బు కట్టేశాను.

మొదటిసారి బురద ఏటవాలు ఎక్కిస్తుంటేనే వెనక చక్రాలు గిర్రున తిరిగి కూరుకుపోయాయి. లో రేంజ్‌లోనే ఉన్నాను, లైటు వెలుగుతూనే ఉంది. కిందకి దిగి చూస్తున్న మా ఫ్రెండ్ అరిచాడు, "ఒరేయ్, ముందు చక్రాలు అసలు కదలట్లేదురా!"

టార్చ్ వేసుకుని బండి కిందకి దూరాను. ట్రాన్స్‌ఫర్ కేస్ (పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ పెట్టె) నుంచి వెనక్కి ఒక షాఫ్ట్ వెళ్తోంది. ముందుకి వెళ్లాల్సింది లేదు. విరగడం కాదు, ఊడిపోవడం కాదు, అసలు లేదు. దాన్ని బోల్టులతో బిగించే ఫ్లాంజ్ ఉత్తిగా ఉంది. ఆ ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల లోపలి దాకా నల్లటి అండర్‌బాడీ కోటింగ్ పట్టి ఉంది. "తుప్పు పట్టకుండా కొత్తగా వేయించాను సార్" అని గొప్పగా చూపించాడే, అదే కోటింగ్. అంటే షాఫ్ట్ తీసేశాకే రంగు కొట్టించాడు. తెలియక జరిగిందని ఎవరైనా అంటే ఆ రంధ్రాల ఫోటోలు నా దగ్గర ఉన్నాయి.

లైటు ఎలా వెలిగిందంటే, అది లివర్ ఏ పొజిషన్‌లో పడిందో చెప్తుంది గానీ ముందు చక్రాలకి పవర్ అందిందో లేదో దానికి తెలియదు. లో రేంజ్ కూడా వెనక షాఫ్ట్ ఒక్కదానితో పని చేస్తుంది. బండిని ట్రాక్టర్‌తో లాగించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అసలు రోగం బయటపడింది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో చైన్ సాగిపోయింది, ముందు చక్రాల మీద లోడ్ పడితే పళ్ల మీద జారి చప్పుడు చేస్తుందట. షాఫ్ట్ పీకేస్తే చప్పుడూ లేదు, ఖర్చూ లేదు.

బండి అమ్మినాయనకి ఫోన్ చేశాను. విని, తాపీగా అన్నాడు, "బురదలోకి ఎవరు దింపమన్నారు సార్?"

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. "కొండకైనా కోనకైనా అని మీరే కదా రాసింది?"

"అది యాడ్ సార్."

అక్కడితో ఆగినా బాగుండేది. "మీరు మైలేజ్ అడిగారు, మైలేజ్ ఇచ్చాను. ముందు షాఫ్ట్ తిరుగుతుంటే ఆ మైలేజ్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని నవ్వాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. ముందువైపు తిరిగే బరువు తగ్గితే డీజిల్ కాస్త మిగులుతుంది, ఆ మాటా నిజమే! ఈయన మోసం కూడా నిజాలతోనే చేస్తాడు. "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను" అని కాగితం మీద సంతకం పెట్టారు కదా అని గుర్తు చేసి పెట్టేశాడు. ఇప్పుడు నా నంబర్ బ్లాక్‌లో ఉంది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు.

ఇంతకీ ఆ 14 కూడా రాలేదు. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండా కొట్టించి లెక్క వేస్తే 10 దాటలేదు. అందులో లో రేంజ్ వాటా ఉంది లెండి. చాలా బళ్లలో లో రేంజ్ వేస్తే అదే గేర్‌లో అదే దూరానికి ఇంజిన్ సుమారు 2.5 రెట్లు తిరగాలి. ఎవరైనా "కొండల్లో కూడా ఇదే మైలేజ్" అంటే నమ్మకండి.

కొనేవాళ్లు ముందు బండి కిందకి దూరండి, బట్టలు పాడైనా సరే. రెండు షాఫ్టులూ కళ్లతో చూడండి. ఫోర్ వీల్‌ని వదులు మట్టి మీద వేయించండి, ఒక మనిషిని బయట నిలబెట్టి ముందు చక్రాలు కూడా మట్టిని తోస్తున్నాయో లేదో చూడమనండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఆ రోజు వెనక్కి వచ్చేయండి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేది చూడనివ్వకూడదనే ముందే తిప్పి పెడతారు. కోటింగ్ కొత్తగా ఉంటే ఎందుకు వేయించారో అడగండి.

ఆయన ఇంకో బండి ఫోటోలు పెట్టాడు. అదీ డీజిలే, "సూపర్ మైలేజ్" అట. ముందు షాఫ్ట్ ఫోటో పెట్టమని మా ఫ్రెండ్ చేత అడిగిస్తే ఇంతవరకూ జవాబు లేదు. దానికి ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మిగతా డబ్బు కట్టకుండా ఆగండి.