చికాగో నుంచి డాలస్‌కి మారే ముందు ఈ లెక్కలు వేసుకోండి

"టెక్సస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కదా!" మనవాళ్లలో చాలామంది ఈ ఒక్క మాట పట్టుకుని సామాను సర్దేస్తున్నారు. మాట నిజమే. ఇల్లినాయ్‌లో ఎంత జీతమైనా 4.95 శాతం కట్టాలి. ఏడాదికి 1,20,000 డాలర్లు వచ్చేవాళ్లకు అది దాదాపు 5,800. కానీ ఇళ్లు చూసి, రెండు ఊళ్ల బిల్లులూ పక్కపక్కన పెడితే ఆ డబ్బులో పెద్ద వాటా డాలస్‌లో వేరే దారుల్లో పోతుందని అర్థమవుతుంది. ఆ దారులేమిటో అద్దెకిచ్చేవాళ్లు ముందుగా చెప్పరు. ఒళ్లు మండేది అందుకే.

డాలస్ శివారు ఫ్రిస్కోలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో రెండు బెడ్‌రూముల ఇంటికి 1,650 అన్నారు. లీజు కాగితం తిప్పితే వాలే ట్రాష్ (గుమ్మం దగ్గర పెట్టిన చెత్త తీసుకెళ్లడం) 35, పెస్ట్ కంట్రోల్ 5, ప్యాకేజ్ లాకర్ 10, వద్దన్నా తప్పని ఇంటర్నెట్ 75, కవర్డ్ పార్కింగ్ 50. మొత్తం 1,825. నీళ్ల బిల్లు దీనికి అదనం. అది కూడా మన మీటరు చూసి వేసేది కాదు, కాంప్లెక్సు మొత్తం బిల్లును ఇంటి విస్తీర్ణాన్ని, మనుషుల సంఖ్యను బట్టి పంచేస్తారు. అప్లికేషన్ ఫీజు కట్టాక తిరిగి రాదు కాబట్టి, నెలకు అన్నీ కలిపి ఎంతో ముందే ఈమెయిల్లో రాయించుకోండి. "ఒక నెల ఫ్రీ" అంటే మురిసిపోవద్దు, రెన్యువల్‌లో పెంపు అసలు అద్దె మీదే వేస్తారు. మోడల్ ఫ్లాట్ కాదు, మీకిచ్చే ఫ్లాటే చూపించమనండి. పడమటి ఎండ కొట్టే పై అంతస్తయితే ఆగస్టులో ఏసీ ఆగదు.

కరెంటు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. వెబ్‌సైటులో యూనిట్ 9 సెంట్లని కనిపించే ప్లాన్లలో చాలావాటి ధర సరిగ్గా 1,000 యూనిట్లు వాడితేనే వర్తిస్తుంది. డెలివరీతో కలిపి యూనిట్ 17 సెంట్లు, 1,000 యూనిట్లు చేరితే 80 డాలర్ల క్రెడిట్ అనుకోండి. 1,000 యూనిట్లకు బిల్లు 90. అదే 990 వాడితే క్రెడిట్ ఉండదు, బిల్లు 168. అపార్ట్‌మెంట్లో చలికాలపు నెలల్లో 600 కూడా దాటకపోవచ్చు. అందుకే ప్రతి ప్లాన్‌తో ఇచ్చే ధరల పట్టిక, ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ తెరిచి 500, 1,000, 2,000 యూనిట్ల ధరలు మూడూ చూడండి. మూడూ ఇంచుమించు ఒకేలా ఉన్న ప్లానే తీసుకోండి.

చికాగోలో ఈ బాధ లేదు. సిటీలోని పాత బిల్డింగుల్లో రేడియేటర్ హీటు తరచుగా అద్దెలోనే కలిసి ఉంటుంది. అలాంటి చోట సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 వరకు పగలు 68, రాత్రి 66 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గకుండా చూడాల్సింది ఓనరే. డిపాజిట్ బదులు తిరిగిరాని మూవ్-ఇన్ ఫీజు అడుగుతారు, అదొక్కటే చిరాకు. కారుంటే మాత్రం సిటీ వదలదు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు కొన్ని పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా పార్కింగ్ నిషేధం, మంచు పడకపోయినా సరే. బండి లాక్కుపోతే టోయింగ్ 150, టికెట్ 60, ఆపైన రోజుకు 25. స్పీడ్ కెమెరా దగ్గర 6 మైళ్లు మించితే 35 డాలర్లు.

ఇక ప్రయాణాలు. చికాగో శివార్లలోని నేపర్‌విల్, రూట్ 59 స్టేషన్ల నుంచి మెట్రా లోకల్ రైలెక్కితే డౌన్‌టౌన్‌లోని యూనియన్ స్టేషన్లో దిగి ఆఫీసుకు నడిచిపోవచ్చు. లూప్‌లో, అంటే చికాగో డౌన్‌టౌన్‌లో ఉద్యోగమైతే ఇంటికి ఒక్క కారు చాలు. డాలస్ వైపు ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ ఊళ్లు అక్కడి రైలు, బస్సుల సంస్థ డార్ట్‌లో చేరనేలేదు, అక్కడ రెండు కార్లు తప్పవు. ఫ్రిస్కో నుంచి డౌన్‌టౌన్‌కి టోల్‌వే మీద ఒకవైపే ఐదారు డాలర్లు. రోజూ వెళ్లొస్తే నెలకు 200 దాటుతుంది. కారు అద్దానికి అంటించే టోల్‌ట్యాగ్ లేకపోతే ఇంచుమించు రెట్టింపు.

డాలస్‌లో ఇల్లు కొనేవాళ్లు ప్రాపర్టీ ట్యాక్స్‌తో పాటు మడ్ (నీళ్లు, డ్రైనేజీ ఏర్పాట్ల కోసం వేసే పన్ను), పిడ్ (కాలనీ సదుపాయాల కోసం వేసే రుసుము) ఉన్నాయా అని అడగండి. కొత్త కమ్యూనిటీల్లో ఇవి అదనంగా పడతాయి. సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపు, హోమ్‌స్టెడ్, దానంతటది రాదు, అప్లై చేయాలి. 2025 నుంచి స్కూల్ ట్యాక్స్ లెక్కలో 1,40,000 డాలర్ల విలువ మినహాయిస్తున్నారు. ఇన్సూరెన్స్‌లో వడగళ్ల డిడక్టబుల్ శాతంలో ఉంటుంది. 4,00,000 కవరేజీకి 2 శాతమంటే రూఫు పాడైనప్పుడు మొదటి 8,000 మనవే. నేల నల్లరేగడి లాంటిది, ఎండితే కుంచించుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఫౌండేషన్ పగలకుండా వేసవిలో ఇంటి చుట్టూ సోకర్ హోస్‌తో (పొడవునా నీళ్లు ఊరే పైపుతో) తడపాలి. చికాగోలో ఆ శ్రద్ధంతా బేస్‌మెంట్ మీద పెట్టాలి. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు తోడే సంప్ పంపుకు బ్యాటరీ బ్యాకప్ లేని ఇల్లు కొనొద్దు.

ఊరు చూడ్డానికి నవంబరులో డాలస్ వెళ్లకండి. అప్పుడు ఎవరికైనా నచ్చుతుంది. ఫ్రిస్కో హనుమాన్ గుడి, పక్కనే దోసెల హోటళ్లు చూశాక ఇంట్లోవాళ్లు ఇక చికాగో మాటే ఎత్తరు. ఆగస్టులో మధ్యాహ్నం మూడింటికి తిప్పి చూపించండి. 2011లో అక్కడ 71 రోజులు ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరింది. చికాగోని జనవరి చివర చూడండి, 2019లో ఆ రోజుల్లోనే సున్నా ఫారన్‌హీట్‌కు 23 డిగ్రీలు కిందికి పడింది. గుడికీ సరుకులకీ అక్కడా లోటు లేదు. అరోరా బాలాజీ, లెమాంట్ రాముడు, డెవాన్ అవెన్యూ ఉన్నాయి.

మా సలహా: లూప్‌లో ఆఫీసు ఉండి, మెట్రా దగ్గర ఇల్లున్నవాళ్లు ట్యాక్స్ కోసం మాత్రం కదలొద్దు. ఇద్దరికీ ఉద్యోగాలుండి, ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తుంటే డాలస్ లాభమే. వెళ్లాలనే తేల్చుకుంటే 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో లైసెన్సు మార్చుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లు ఐ-797 (అప్రూవల్ నోటీసు), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాగితాలు చేతిలో పెట్టుకుని, ట్రక్కు బుక్ చేసిన రోజే లైసెన్సు ఆఫీసు స్లాట్ కోసం వెతకడం మొదలుపెట్టండి.