అమ్మమ్మను తీసుకుని ఏటికొప్పాక వెళ్లాం: కొలువు బొమ్మలు కొన్న కొట్టు గురించి

దసరాకి బొమ్మల కొలువు పెట్టడం అమ్మమ్మకి పుట్టింటి నుంచి వచ్చిన ఆనవాయితీ. మాకు తెలిసినవాళ్లలో చాలామంది సంక్రాంతికి పెడతారు, ఆవిడ మాత్రం నవరాత్రులకే. ఇప్పుడు 84 ఏళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల నాలుగేళ్లుగా అటక మీంచి పెట్టె దించడం, మెట్లు కట్టడం అన్నీ మాకే వదిలేసి మంచం మీంచి చూస్తోంది. పోయినేడాది నేను ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న బొమ్మలు చేతిలో పెడితే "బాగున్నాయమ్మా" అని పక్కన పెట్టేసింది. తడిగుడ్డతో తుడిస్తే ఎర్రరంగు గుడ్డకంటింది. మళ్లీ దసరాకి ఆవిడనే తీసుకెళ్లి ఎంచుకోమనాలని అప్పుడే అనుకున్నాను.

మహాలయ పక్షాల్లో కొత్త వస్తువు కొనకూడదని అమ్మమ్మ పట్టు. అందుకని వినాయక చవితి అయిన వారంలోనే ఆదివారం పొద్దున్న విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఏటికొప్పాకకి కారులో బయల్దేరాం. అనకాపల్లి, యలమంచిలి మీదుగా రెండు గంటలు. మధ్యలో రెండుసార్లు ఆగి కాళ్లు చాపుకోనిచ్చాం. వరాహ నది ఒడ్డున ఉంటుంది ఊరు.

మేం వెళ్లింది ఒక కుటుంబం ఇంటి ముందు గదిలో నడుపుకుంటున్న చిన్న కొట్టు. వెనకాలే పని చేసే చోటు. గుమ్మానికి రెండు ఎత్తు మెట్లున్నాయి, పట్టుకోడానికి ఏమీ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది చూసుకోవాలి. మేం చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. లోపలికి రాగానే ఆ ఇంటాయన కుర్చీ తెచ్చి సరిగ్గా లేత్ (కర్రని తిప్పే యంత్రం) పక్కనే వేసి, "ఇలా కూకోండి మామ్మగారూ, ఇక్కడైతే బాగా కనపడతాది" అన్నాడు. ఈ కొట్టుకి నేను మార్కులేస్తే సగం ఆ కుర్చీకే.

అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతుంటే ఉలితో బొంగరానికి నడుం తీశాడు. కర్ర మెత్తగా, తెల్లగా ఉంది, పొట్టు రిబ్బను లాగా లేచి అమ్మమ్మ చీర కుచ్చిళ్ల మీద పడింది. తర్వాత పసుపురంగు లక్క కడ్డీ ఆనించాడు. మంటా లేదు, కుంచే లేదు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసింది. పైన మొగలి ఆకు పెట్టి నొక్కేసరికి అద్దంలా మెరిసింది. ఇంకా వెచ్చగానే ఉన్న ఆ బొంగరాన్ని అమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుంది.

రంగుల గురించి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. ఈ ఊళ్లో సహజ రంగులు మళ్లీ నిలబడ్డాయంటే అందులో సి.వి. రాజు గారి కృషి పెద్దది. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. అయితే ఆ పేరు చెప్పి అమ్మేవన్నీ ఇక్కడివే అనుకోవద్దు. అంకుడు కర్ర దొరకడం కష్టమైపోతోందని ఆ కొట్టాయన చెప్పినప్పుడు మాత్రం నాకు చాలా బాధేసింది.

మేం కొన్నవి: లక్కపిడతల సెట్టు ఒకటి, రాజు రాణి జంట, సన్నాయి మేళం, రెండు కుంకుమ భరిణెలు. అన్నీ కలిపి 2,300 అయింది. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు. భరిణెల్లో ఒకదానికి మూత మరీ బిగుతు, అమ్మమ్మ వేళ్లతో రాలేదు. చెప్పగానే తీసుకెళ్లి అక్కడికక్కడే లేత్ మీద పెట్టి సరిచేసి ఇచ్చాడు. ప్యాకింగ్ మాత్రం పాత న్యూస్ పేపరే. అట్టపెట్టె, పాత తువ్వాళ్లు మీరే పట్టుకెళ్లండి. కార్డు తీసుకోరు. ఫోన్‌లో డబ్బులు పంపాం.

లక్కపిడతలు విప్పినప్పటి సంగతి చెప్పాలి. తిరగలి, రోలు, బిందె, పొయ్యి ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుంటూ అమ్మమ్మ "అట్లపెనం లేదేం?" అంది. తన చిన్నప్పటి సెట్టులో ఉండేదట, తమ్ముడు నూతిలో పడేస్తే మూడు రోజులు అన్నం మానేసిందట. ఈ కథ మా అమ్మ కూడా ఎప్పుడూ వినలేదు. ఆయన వెంటనే చిన్న ముక్క తీసి పెనం చేసిచ్చాడు, దానికి డబ్బులు తీసుకోలేదు.

పాడ్యమి నాడు ఏడు మెట్లు కట్టాం. పై మెట్టు మీద అమ్మమ్మ పెళ్లినాటి తిరుపతి చెక్కబొమ్మల జంట. ఈసారి మంచం మీంచి కాదు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ఏ బొమ్మ ఎక్కడో ఆవిడే చెప్పింది. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్లకి శనగలూ తాంబూలం అమ్మ ఇస్తే, కొత్త భరిణెలోంచి కుంకుమ అమ్మమ్మ పెట్టింది. లక్కపిడతలు మాత్రం అన్నిటికన్నా కింది మెట్టు మీద పెట్టించింది, పక్క ఫ్లాట్ పిల్లలకి అందేలా. తొమ్మిది రోజులూ వాళ్లు వాటితో ఆడుతూనే ఉన్నారు. తిరగలి పిడి కొంచెం వదులైంది, రంగు ఎక్కడా పోలేదు.